సర్వర్ పెర్త్‌లోనా, సిడ్నీలోనా?

సొంత సర్వర్‌ను కొని, కరెంటు, ఏసీ, నెట్ కనెక్షన్ సమకూర్చే డేటా సెంటర్‌లో అద్దెకు పెట్టుకోవడమే కోలొకేషన్. ఆస్ట్రేలియాలో వ్యాపారాలు నడిపే మనవాళ్లు కొటేషన్ రాగానే ‘1 గిగాబిట్ పోర్ట్’ అన్న మాట చూసి సంతోషిస్తారు. ముందు చూడాల్సింది మ్యాపు.

సెకనుకు ఎంత డేటా పడుతుందో చెప్పేది బ్యాండ్‌విడ్త్. అడిగినదానికి జవాబు రావడానికి పట్టే సమయం లేటెన్సీ. కాలువ ఎంత వెడల్పున్నా, తూము ఎత్తగానే చివరి ఆయకట్టుకు నీరందదు కదా! మామూలు ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. ఆ ఫైబర్ మీద అంతకు మించిన వేగాన్ని ఏ కంపెనీ కూడా అమ్మలేదు.

మీ ఖాతాదారులు చెన్నై, హైదరాబాద్‌లలో ఉన్నారనుకోండి. 2018లో మొదలైన ఆస్ట్రేలియా–సింగపూర్ కేబుల్ పెర్త్ నుంచి సింగపూర్‌కు సుమారు 4,600 కి.మీ. అక్కడినుంచి చెన్నైకి 2002 నాటి ఐ2ఐ కేబుల్ ఇంకో 3,200. కాంతికి రానూపోనూ 78 మిల్లీసెకన్లు. అదే సర్వర్ సిడ్నీలో ఉంటే, 2019 నాటి ఇండిగో కేబుల్ మీద పెర్త్ మీదుగా సింగపూర్ చేరడానికే దాదాపు 9,000 కి.మీ.; చెన్నైకి రానూపోనూ 122. రౌటర్ల ఆలస్యం దీనికి అదనం. ఖాతాదారులు సిడ్నీ, మెల్‌బోర్న్‌లలోనే ఉంటే మాత్రం పెర్త్ ఊసే వద్దు.

ఈ ఆలస్యం వేగాన్నీ తినేస్తుంది. సర్వర్ కొంత డేటా పంపి, అందిందన్న కబురు వచ్చాకే మిగతాది పంపుతుంది. ఆ విడత 64 కిలోబైట్లే అయితే, 122 మిల్లీసెకన్ల దూరానికి ఒక్కో కనెక్షన్‌కు దక్కేది సెకనుకు 4.3 మెగాబిట్లే, పోర్ట్ గిగాబిట్‌దైనా సరే. ఇప్పటి ఆపరేటింగ్ సిస్టమ్‌లు విడతను పెంచుకుంటాయి. పాత సెట్టింగులు ఉంటే సరిచూసుకోవాలి.

ఇక బిల్లు. నెలకు 10 టెరాబైట్ల కోటా ఇచ్చారంటే, గిగాబిట్ పోర్ట్‌ను పూర్తిగా వాడితే అది 22 గంటల్లో అయిపోతుంది. కొందరు 95వ పర్సెంటైల్ పద్ధతిలో లెక్కిస్తారు: 5 నిమిషాలకొక రీడింగ్, 30 రోజులకు 8,640. అన్నిటికంటే ఎక్కువున్న 432 రీడింగులను వదిలేసి, తరువాతిదానికి బిల్లు వేస్తారు. అంటే 36 గంటల రద్దీ ఉచితం. సంక్రాంతి సేల్ మూడు రోజులూ ఎడతెగని రద్దీ ఉంటే, నెలంతటికీ ఆ రేటే పడుతుంది.

సంతకం పెట్టేముందు పరీక్షకు ఒక ఐపీ అడ్రస్ ఇమ్మనండి. ఖాతాదారులున్న ఊరి నుంచే, రాత్రి రద్దీ వేళ పింగ్ (ఆలస్యాన్ని కొలిచేది), ట్రేస్‌రూట్ (డేటా వెళ్లే దారిని చూపేది) నడిపించండి. దారి నేరుగా సింగపూర్ మీదుగా వస్తోందో, అమెరికా చుట్టి వస్తోందో చూసుకున్నాకే డబ్బు కట్టండి.