పుట్టుక బరువు – పెద్దయ్యాక రక్తనాళాలు

బిడ్డ పుట్టిన రోజున బరువెంత అని అందరమూ అడుగుతాము. కొన్నాళ్లకు ఆ అంకెను మరచిపోతాము. కాని దానికీ, యాభై ఏళ్ల తర్వాతి రక్తపోటుకూ, గుండె ఆరోగ్యానికీ సంబంధం ఉన్నదని వైద్యశాస్త్రం చెబుతున్నది.

ఇంగ్లండులోని హర్ట్‌ఫర్డ్‌షైర్‌లో 1911 నుండి శిశువుల పుట్టుక బరువును, ఏడాది నిండినప్పటి బరువును రిజిస్టర్లలో నమోదు చేసేవారు. దశాబ్దాల తర్వాత డేవిడ్ బార్కర్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఆ రిజిస్టర్లను వెలికితీశారు. 1911–1930 మధ్య అక్కడ జన్మించిన ఐదు వేలకు పైగా పురుషుల వివరాలను పరిశీలించి 1989లో ఫలితాలు ప్రకటించారు. పుట్టినప్పుడూ, ఏడాదికీ బరువు తక్కువగా ఉన్నవారిలో గుండెజబ్బు మరణాలు అధికంగా కనిపించాయి. మన పొరుగున మైసూరులోని ఒక పాత ఆసుపత్రి జనన రికార్డుల ఆధారంగా జరిగిన అధ్యయనంలోనూ ఇటువంటి సంబంధమే వెల్లడైంది.

దీనికి కారణమేమి? మాయ ద్వారా చాలినంత పోషణ, ప్రాణవాయువు అందనప్పుడు గర్భస్థ శిశువు మెదడును కాపాడుకొనేందుకు రక్తాన్ని అటు మళ్లించుకుంటుంది. ఇతర అవయవాల వాటా తగ్గుతుంది. ధమనులకు సాగే గుణాన్నిచ్చే ఎలాస్టిన్ అనే పదార్థం ఎక్కువగా గర్భంలోనూ, శైశవంలోనూ తయారవుతుంది. అప్పటి లోటు తర్వాత పూడటం కష్టం. అందువల్ల రక్తనాళాలు త్వరగా బిరుసెక్కవచ్చు. మూత్రపిండాలలోని వడపోత భాగాలు కూడా పుట్టుకకు ముందే ఏర్పడతాయి. వాటి సంఖ్య తగ్గితే మున్ముందు రక్తపోటు పెరిగే అవకాశం హెచ్చుతుంది.

ఇది విధిరాత కాదు. చిన్నగా పుట్టిన వారందరికీ గుండెజబ్బు రాదు. తల్లిని నిందించడానికి ఇందులో తావే లేదు. గర్భిణి రక్తపోటు, రక్తహీనత, పోషకాహార లోపం, పొగాకు, ఇంట్లో ఇతరులు కాల్చే సిగరెట్ల పొగ – ఇవన్నీ శిశువు ఎదుగుదలను కుంటుపరచగలవు. వీటిలో చాలావరకు కుటుంబం చేతిలో ఉన్నవే. అందరూ తిన్నాక మిగిలినది కోడలు తినే ఆచారం ఉన్న ఇళ్లలో, ఆ లోటును గర్భంలోని బిడ్డ కూడా పంచుకుంటుంది. తనకు గాని, బిడ్డకు గాని హాని కలుగుతుందని భయపడే గర్భిణి రమజాన్ ఉపవాసాన్ని వాయిదా వేసుకొనే వెసులుబాటును షరీఅత్ ఇచ్చింది. ఆ వెసులుబాటును ఉపయోగించుకొన్న కోడలిని అత్తమామలు చిన్నచూపు చూడరాదు.

గర్భిణికి క్రమంగా వైద్య పరీక్షలు చేయించుదాము. ఐరన్ మాత్రలు మానకుండా చూద్దాము. రెండున్నర కిలోల కన్న తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు తల్లిపాలు పట్టించుదాము. త్వరగా లావెక్కాలని అతిగా తినిపించవద్దు. బాల్యంలో వేగంగా పెరిగే కొవ్వు ముప్పును మరింత పెంచుతుంది. పుట్టుక బరువును టీకాల కార్డుతో పాటు భద్రపరచి, పెద్దయ్యాక వైద్యునికి చెప్పమని పిల్లలకు నేర్పుదాము. అటువంటి వారు యౌవనం నుండే రక్తపోటు చూపించుకోవడం, పొగాకుకు దూరంగా ఉండటం శ్రేయస్కరం.