కత్తి రోబోదే, చెయ్యి డాక్టర్‌దే

"పిల్లల ఆపరేషన్ రోబోకి వదిలేస్తారట, మధ్యలో నెట్‌వర్క్ పోతే?" వర్జీనియాలోని మన ఆష్‌బర్న్‌లో ఈ ప్రశ్న వేసేది చాలాసార్లు సర్వర్లతో బతికే ఇంజినీర్లే. 2025 అక్టోబర్ 20న ఉత్తర వర్జీనియాలోని అమెజాన్ క్లౌడ్ పడకేసి సగం ఇంటర్నెట్‌ని కుదిపేసింది కాబట్టి భయం పుట్టడంలో వింత లేదు. ఆ భయంతో పిల్లాడి కిడ్నీ ఆపరేషన్ వాయిదా వేయడమే ఘోరం.

ఈ ఆపరేషన్లకు వాడే డావిన్చీ రోబో క్లౌడ్‌లో ఉండదు. సర్జన్ అదే గదిలో, పిల్లవాడికి కొన్ని అడుగుల దూరంలో కన్సోల్ ముందు కూర్చుంటారు. చేతి కదలిక కేబుల్ గుండా పరికరాలకు చేరుతుంది. తెరనుంచి తల తీస్తే చాలు, పరికరాలు ఆగిపోతాయి. యంత్రం మొరాయిస్తే దాన్ని పక్కకు జరిపి మామూలు లాపరోస్కోపీతోనో, కోతతోనో పూర్తి చేస్తారు. 2001లో న్యూయార్క్‌లో కూర్చుని స్ట్రాస్‌బర్గ్‌లోని ఒకావిడ గాల్‌బ్లాడర్ తీసిన మాట నిజమే. అది చేసి చూపించడానికి చేసింది, మీ ఆస్పత్రి పద్ధతి కాదు.

"తనంతట తనే కోస్తుంది" అన్న పుకారుకు మూలం మన పక్కనే ఉంది. వాషింగ్టన్‌లోని చిల్డ్రన్స్ నేషనల్ పరిశోధకులు తయారుచేసిన స్టార్ అనే రోబో డాక్టర్ల పర్యవేక్షణలో పేగులు కుట్టిందని 2016లో ప్రకటించారు. కుట్టించుకున్నవి పందులు! ఫార్వర్డ్ చేసేవాళ్లు ఆ ఒక్క ముక్క వదిలేస్తారు.

పిల్లల్లో రోబోతో ఎక్కువగా చేసేది పైలోప్లాస్టీ, అంటే కిడ్నీనుంచి మూత్రనాళం మొదలయ్యే చోటి ఇరుకును సరిచేయడం. పుట్టకముందే స్కాన్‌లో కనిపించే కిడ్నీ వాపులు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, అందుకే డాక్టర్లు స్కాన్లతో కనిపెట్టి చూస్తారు. అన్నీ చూసి ఆపరేషన్ కావాలన్నాక "ఇండియా వెళ్లినప్పుడు చూద్దాం" అంటే? కిడ్నీ మీ వేసవి సెలవుల కోసం ఆగదు. పోయిన పనితీరు పూర్తిగా తిరిగొస్తుందన్న హామీ లేదు.

మరో రెండు అపోహలు: రోబోలో రేడియేషన్ ఉంటుందని, మచ్చే పడదని. రేడియేషన్ ఉండదు, ఉన్నది కెమెరా. మచ్చ ఉంటుంది, చిన్నవి మూడో నాలుగో.

ఒక మాట మాత్రం ఒప్పుకోక తప్పదు: ఇది పెద్దల కోసం చేసిన యంత్రమే. పరికరాలు ఎక్కువగా 8 మిల్లీమీటర్లవి. నెలల పసికందు పొట్టలో అవి మెసిలే చోటు తక్కువ. పైగా చాలా మోడళ్లలో సర్జన్ చేతికి స్పర్శ తెలియదు, దారం బిగువును కంటితోనే అంచనా వేయాలి. ఆ వయసులో చిన్న కోతతో చేసే పాత ఆపరేషనూ 90 శాతానికి పైగా సఫలమవుతుంది. కాబట్టి "రోబో లేని ఆస్పత్రికి వెళ్లం" అనేవాళ్లదీ అపోహే.

యంత్రం మోడల్ గూగుల్ చేసే బదులు సర్జన్‌ని అడగండి: ఈ వయసు పిల్లలకు ఇదే ఆపరేషన్ ఎన్నిసార్లు చేశారు, మత్తు ఇచ్చేది పిల్లల నిపుణులేనా, మూత్రనాళం లోపల పెట్టే సన్నని గొట్టం, అంటే స్టెంట్, ఎప్పుడు తీస్తారు? దాన్ని తీయడానికి చాలాసార్లు పిల్లలకు మళ్లీ కాసేపు మత్తు ఇవ్వాల్సి వస్తుంది. ఆ రోజుకూ సెలవు పెట్టుకోండి.