తగ్గినది కొవ్వా, నీరా?

విద్యార్థులారా! మా తిరువూరులో ఒక అమ్మాయి ఉదయం ప్రార్థనలో కళ్లు తిరిగి కూలబడింది. "నాలుగు రోజులుగా అన్నం మానేశాను మాస్టారూ, రెండు కిలోలు తగ్గాను" అన్నది.

2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణగారు ప్రచారం చేసిన, అన్నం మాని కొబ్బరినూనె తీసుకునే పద్ధతి తెలుగునాట ఊరూరా వినిపించింది. అన్నం మానితే బరువు త్వరగా తగ్గే మాట నిజమే. కాని తగ్గినదంతా కొవ్వేనా?

లెక్క వేద్దాం. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కిలోకాలరీలు ఖర్చు కావాలి. మనిషికి రోజుకు ఖర్చయ్యేది రమారమి 2,000. అంటే ఏమీ తినకున్నా నాలుగు రోజులకు కరిగేది కిలో మాత్రమే! తక్కినదానిలో ఎక్కువ భాగం నీరు. అన్నంలోని పిండిపదార్థాన్ని శరీరం గ్లైకోజన్‌గా మార్చి కాలేయంలో, కండరాల్లో దాచుకుంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజన్‌తో దాదాపు 3 గ్రాముల నీరు ఉంటుంది. అన్నం మానితే రెండూ పోతాయి. తింటే రెండూ తిరిగి వస్తాయి.

మామిడితోటలో గోతులు తవ్వే కూలీకి, కొట్లో కూర్చునే షావుకారుకి ఒకే తిండి సరిపోతుందా? మీదేమో ఎదిగే వయసు. మాంసకృత్తులు, కాల్షియం, ఇనుము తప్పనిసరి. కనుక పెద్దలను చూసి పూటలు మానకండి. మిఠాయిలు, నూనె వంటకాలు, కూల్‌డ్రింకులు తగ్గించండి. పప్పు, ఆకుకూరలు తినండి. రోజూ ఆడండి. బరువు ఎక్కువనిపిస్తే వైద్యుణ్ణి అడగండి, తూకం యంత్రాన్ని కాదు!