అక్షహృదయము - గుండాట లెక్క

సంక్రాంతి దినములలో కోనసీమకు వెళ్ళినవారికి రెండు దృశ్యములు కానవచ్చును. కనుమనాడు అంబాజీపేట చేరువనున్న మొసలపల్లి జగ్గన్నతోటకు చుట్టుపట్ల గ్రామములనుండి ఏకాదశ రుద్రుల ప్రభలు తరలివచ్చును. గంగలకుర్రు ప్రభను యువకులు భుజముల కెత్తుకొని కౌశికలో దిగి, నీటిని చీల్చుకొని ఆవలిగట్టు చేర్చుదురు. అంతటి బరువును ఏమియు ఆశింపక మోసెడి ఆ వయసువారే, అదే పండుగలో, కొబ్బరితోటల నడుమ వెలసిన కోడిపందెముల బరులచుట్టును గుమిగూడుదురు.

ఆ పందెములను 1960 నాటి జంతుహింసా నిరోధక చట్టమును, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూద చట్టమును నిషేధించినవి. 2020లో రాష్ట్రము ఆన్‌లైన్ జూదమును కూడ ఆ చట్టము క్రిందికి తెచ్చినది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలపై వేరొక చట్టము చేసినది. చట్టములకు కొదువ లేదు. కాని తండ్రి చేయి పట్టుకొని బరికి వచ్చిన బాలునికి చట్టమును గూర్చి చెప్పువా రెవరు? పెద్దలు పండుగ పేర ఇచ్చిన ఆ అనుమతియే వాని తొలిపాఠము.

బాలురను ముందుగా పట్టునది కోడి కాదు, బరిప్రక్కనుండు గుండాట. కోడిపందెమునకు వేలు కావలెను. గుండాటకు చేతిలోని చిల్లర చాలును. "జూదము తప్పు" అని బడిలో చెప్పుచునే యున్నాము. ధర్మరాజు కథ తెలియని విద్యార్థి లేడు. అయినను ఆ బల్లయొద్ద నిలిచినవాడు తన్ను ధర్మరాజుగా తలపడు, అదృష్టవంతునిగా తలచును.

కావున భారతమునుండియే మరియొక కథ నెత్తుకొనవలెను. జూదమున రాజ్యము పోగొట్టుకొన్న నలుడు బాహుకుడను పేర ఋతుపర్ణుని రథము తోలుచుండగా, ఆ రాజు దారిలోని తాండ్రచెట్టును చూచి దాని ఆకులను కాయలను క్షణములో లెక్క చెప్పెను. నలుడు రథము దిగి తాను స్వయముగా లెక్కించి సరిచూచుకొనెను. పిమ్మట అక్షహృదయ విద్యను గ్రహింపగా కలి వానిని విడిచిపోయెను. జూదమును లెక్కతో ముడిపెట్టిన యీ ఘట్టమును మనము తరగతిలో ఏల త్వరగా దాటిపోవుదుమో నాకు బోధపడదు.

ఆ లెక్క హైస్కూలు విద్యార్థికి అందనిది కాదు. ఆరు గళ్ళ బల్ల, మూడు పాచికలు అనుకొందము. ఒక గడిపై రూపాయి పెట్టినచో, అది ఒక పాచికపై పడిన ఒక రూపాయి, రెంటిపై పడిన రెండు, మూటిపై పడిన మూడు లాభము. పడకున్న రూపాయి పోవును. మూడు పాచికలు మూడవకాశము లిచ్చునుగదా, సగము సార్లు గెలువవచ్చునని కంటికి తోచును. నిజమునకు పాచికలు పడు విధములు 216. అందు 125 ఓటమి. 75 విధములలో ఒక రూపాయి, 15 విధములలో రెండు, ఒక్క విధమున మూడు. వచ్చునది 108, పోవునది 125. పదునేడు రూపాయలు బల్లవానివి. పాచికలలో మోసమేమియు లేకున్నను ఇదే లెక్క. ఇప్పటివరకు ఓడితిని, ఇక గెలుపు రావలెనని కుర్రవాడు నమ్మును. పాచికకు వెనుకటి జ్ఞాపకము లేదు.

ఫోనులోని ఆటకు పండుగతో పనిలేదు. అర్ధరాత్రి ఒంటరిగా కూర్చుండినవానిని "లెమ్ము" అనువాడు లేడు. జూదపు వ్యసనమును 2013లో అమెరికా మనోవైద్య సంఘము మత్తు వ్యసనముల వర్గములోనే చేర్చినది. అప్పుచేసి దాచుకొను విద్యార్థిని దండించుటకు ముందు ఈ మాట ఉపాధ్యాయులు తలచవలెను. బెత్తము చూచినవాడు అప్పు సంగతి చెప్పడు.

"మరి నలుడు మరల ఆడి పుష్కరుని గెలిచెను గదా?" అని పిల్ల లడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. నాడు అక్షహృదయ మెరిగినవాడు నలుడు; నేడు గుండాటలో ఎరిగినవాడు బల్లకు ఈవల నిలిచినవాడు కాడు.

సంక్రాంతి సెలవులకు ముందు ఒక గణితపు గంట దీనికి చాలును. మూడు పాచికలు తెచ్చి, డబ్బు లేకుండ, చింతగింజలతో పిల్లలచేతనే 216 మారులు వేయింపవచ్చును. సరిగా పదునేడే రాకపోవచ్చును. ఎందుకు రాలేదో అదియు పాఠమే. గింజలు ఎవరియొద్ద మిగిలినవో వారే లెక్కించి నల్లబల్లపై వ్రాయుదురు.