సీసాలో పూసే టమాటా... చేలో నిలుస్తుందా?

కొన్ని రకాల వెదురు పూత పూయాలంటే ముప్పై, నలభై ఏళ్లు పడుతుంది. అలాంటి వెదురుని పుణెలోని నేషనల్ కెమికల్ ల్యాబొరేటరీ శాస్త్రవేత్తలు గాజు సీసాలో నెలల్లోనే పూయించేశారు! 1990లో 'నేచర్' పత్రికలో వచ్చిన సంగతిది. వాళ్లు వాడినవాటిలో కొబ్బరినీళ్లు కూడా ఉన్నాయంటే నమ్ముతారా?

టమాటానీ అలా సీసాలో పూయించొచ్చు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకునే నేను ఇవన్నీ చదవడానికి కారణం సోమశిలలో ఉండే మా బాబాయి. "ల్యాబ్ మొక్కంట అబ్బయా, నాటిన పది రోజులకే పూతంట. అడ్వాన్సు కట్టేదా?" అని ఫోన్ చేశాడు.

సీసాలో ఏం జరుగుతుంది?

లేత కొమ్మ చివరని శుభ్రం చేసి చక్కెర, లవణాలు, విటమిన్లు కలిపిన జెల్లీలో పెడతారు. 1962లో మురాషిగే, స్కూగ్ ఇచ్చిన ఫార్ములానే ఇప్పటికీ చాలా ల్యాబుల్లో వాడుతున్నారు. దానికి హార్మోన్లు కలుపుతారు. సైటోకైనిన్ పాలు ఎక్కువైతే రెమ్మలు, ఆక్సిన్ ఎక్కువైతే వేర్లు వస్తాయి.

పూతకి మాత్రం ఇలా నేరుగా నొక్కే బటన్ లేదు. మొక్క కొన్ని ఆకులు వేశాక, ఆ ఆకుల్లో తయారైన ఒక ప్రొటీన్ కొమ్మ చివరకి చేరి 'ఇక పూయి' అని చెబుతుంది. ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు 2006లో అంట్లు కట్టి మరీ దీన్ని చూపించారు. మొక్కని ఆ దశకి చేర్చడమే సీసాలో చేసే పని. అందుకే మైక్రో-టామ్ లాంటి పొట్టి రకాలు దీనికి అనువు.

లాభం ఎవరికి?

కొత్త రకాలు తయారుచేసేవాళ్లకి. త్వరగా పూస్తే త్వరగా గింజ, త్వరగా తర్వాతి తరం. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో టమాటా జన్యు పరిశోధనకని ప్రత్యేక కేంద్రమే ఉంది.

రైతు లెక్క వేరు. అరటికి నాటేందుకు గింజ ఉండదు, పిలకలతో తెగుళ్లు వస్తాయి. అందుకే టిష్యూ కల్చర్ మొక్క కొంటాం. టమాటాకి గింజ ఉంది, నర్సరీ నారు ఉంది. పైగా మన వైపు అసలు సమస్య పూత రావడం కాదు, నిలవడం. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గకపోతే పుప్పొడి దెబ్బతిని పూత రాలిపోతుంది. ఏసీ గదిలో సీసాకి ఆ బాధ లేదు.

బాబాయికి చెప్పిందే మీకూ చెబుతున్నా. డబ్బు కట్టేముందు మూడు అడగండి: రకం పేరేంటి? మన ఎండల్లో ఎక్కడ పండించి చూశారు? బిల్లు ఇస్తారా? జవాబులు తీసుకుని రైతు సేవా కేంద్రంలో ఒకసారి చూపించండి. ఆ తర్వాతే అడ్వాన్సు మాట.