దుబాయ్ దిర్హమ్ కాదండీ!

మొరాకోలోని మరాకెష్ బయల్దేరే ముందు సోమాజిగూడలో విదేశీ డబ్బు మార్చే దుకాణానికి వెళ్లి "దిర్హమ్‌లు కావాలి" అన్నాను. కౌంటర్లో కుర్రాడు తలెత్తకుండానే "ఎన్ని వేలు సార్?" అంటూ కట్ట తీశాడు. చూస్తే దుబాయ్‌వి. మొరాకోకీ దిర్హమే ఉందని, అది వేరని చెబితే నా మొహం వింతగా చూశాడు. తప్పు అతనిది కాదు. మొరాకో తన కరెన్సీని పెద్ద మొత్తంలో సరిహద్దు దాటనివ్వదు, అందుకే ఇక్కడ దొరకదు. ఇక్కడ యూరోలు తీసుకుని, అక్కడ మార్చుకోవాలి. మార్చినప్పుడు ఇచ్చే రసీదు పారేయకండి. తిరిగొచ్చేటప్పుడు మిగిలిన దిర్హమ్‌లను మళ్లీ యూరోలు చేసుకోవాలంటే అది అడుగుతారు.

హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు. దోహా, దుబాయ్ లాంటి చోట దిగి, కాసబ్లాంకా చేరి, అక్కడి నుంచి రైల్లో సుమారు రెండున్నర మూడు గంటలు. స్టేషన్ బయట కనిపించే చిన్న టాక్సీలో ముగ్గురికి మించి ఎక్కించుకోరు. పిల్లాజెల్లాతో ఆటోలో ఆరుగురం కూర్చునే అలవాటు మనది కాబట్టి ఇది ముందే తెలిసుండాలి. మీటర్ వేయమని గట్టిగా అడగండి. రాత్రి ఎనిమిది దాటితే చార్జీ సగం పెరుగుతుంది.

ఎడారి నగరం అనగానే ఇసుక తిన్నెలు ఊహించుకుంటాం. మరాకెష్‌లో అవి ఉండవు. ఎర్రమట్టి దట్టించి కట్టిన కోటగోడలు, తాటిజాతి చెట్లు, శీతాకాలమైతే వెనకాల మంచు కప్పుకున్న అట్లాస్ కొండలు. అసలు ఇసుక చూడాలంటే మెర్జూగా వెళ్లాలి. 550 కిలోమీటర్ల పైచిలుకు దూరం, మధ్యలో 2,260 మీటర్ల ఎత్తున్న కనుమ. మలుపులకు కడుపులో తిప్పేవాళ్లు అల్లం మురబ్బా దగ్గర పెట్టుకోవాలి. మూడు రోజులు లేకపోతే ఆ ఊసే వద్దు.

ఎండ సంగతి మనకు చెప్పాలా అనుకున్నాను. జూలైలో నలభై దాటినా మే నెల అమీర్‌పేట కంటే ఎక్కువేం కాదు. కానీ గాలిలో తడి లేదు, చెమట పట్టినట్టే తెలియదు. సాయంత్రానికి తలనొప్పి వచ్చాక గానీ పొద్దుట్నుంచి గ్లాసు నీళ్లు కూడా తాగలేదని గుర్తు రాలేదు. ఆ ఊరి తాగునీరు ఒకప్పుడు ఖెత్తారాలనే భూగర్భ కాలువల్లో వచ్చేది. మనకు దగ్గర్లోని బీదర్‌లో బహమనీల నాటి కారేజ్ చూసినవాళ్లకు ఆ పని తీరు చప్పున అర్థమవుతుంది.

పాత ఊరి సందుల్లో గాడిదబండి వాళ్లు "బాలక్! బాలక్!" అని అరుస్తారు. పక్కకి తప్పుకోమని. వెనక్కి తిరిగి చూడకూడదు, ముందు గోడకి అతుక్కోవాలి. స్కూటర్ల వాళ్లకు ఆ మర్యాద కూడా లేదు. ఆ సందుల్లో ఫోన్ మ్యాప్ కూడా తికమకపడుతుంది. మేం దారి వెతుక్కుంటుంటే ఒక పిల్లాడొచ్చి "ఆ దారి మూసేశారు, ఇటు రండి" అన్నాడు. నమ్మాం. తోళ్లు ఊనే చోటికి తీసుకెళ్లి, ముక్కు దగ్గర పెట్టుకోమని చేతికో పుదీనా రెమ్మ ఇచ్చాడు. తోలు మెత్తబడ్డానికి పావురాల రెట్ట వాడతారు. ఆ వాసనకి పుదీనా ఏపాటి? అక్కడి నుంచి చెప్పుల దుకాణం, తర్వాత బక్షీస్ బేరం. దారి నిజంగా మూసేసి ఉండటం చాలా అరుదు. "లా, షుక్రన్" (వద్దు, థాంక్స్) అని నడిచిపోవడమే.

బేరంలో మాత్రం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. లాడ్ బజార్లో గాజులు కొన్న మా ఆవిడ అక్కడ సగానికి సగం తగ్గించి అడిగి, లేచి నాలుగడుగులు వేసింది. వెనక నుంచి పిలుపు వచ్చింది.

జమా అల్-ఫ్నా మైదానంలో కథలు చెప్పేవాళ్లుంటారు. ఆ సంప్రదాయాన్ని 2001లో యునెస్కో గుర్తించింది. మన కేరళ కూడియాట్టాన్ని గుర్తించిందీ ఆ ఏడాదే. ఆ మైదానంలో పామునీ కోతినీ ఫొటో తీస్తే డబ్బులడుగుతారు, ముందే మాట్లాడుకోండి.

శాకాహారులకు కొంచెం జాగ్రత్త కావాలి. ఏడు కూరగాయల కుస్‌కుస్ అన్నా, ఆ పులుసులో మాంసం ఉడికి ఉండొచ్చు. జాలూక్ తినొచ్చు, అది అచ్చం మన వంకాయ, టమాటా పచ్చడే. పొద్దున్నే బిస్సారా దొరుకుతుంది, ఎండు బాఖలా గింజల పప్పు అనుకోండి, మీద ఆలివ్ నూనె, జీలకర్ర పొడి. మా సంచిలోని కంది పొడి అందులో కలిపితే మా ఆవిడ మొహంలో మొదటిసారి తృప్తి కనిపించింది.

హమ్మామ్ స్నానం మానొద్దు. నల్లటి ఆలివ్ సబ్బు పట్టించి, గరుకు తొడుగుతో రుద్దుతుంటే చిన్నప్పుడు పండగనాడు అమ్మమ్మ పెట్టిన నలుగే గుర్తొచ్చింది. పేలికలు పేలికలుగా మట్టి రాలింది.

రసీదు ఎక్కడ పెట్టానో గుర్తులేక ఇరవై దిర్హమ్‌ల నోటొకటి పర్సులోనే మిగిలిపోయింది. సోమాజిగూడ కుర్రాడికి చూపించాలి.