గంజి పెట్టిన ఇనుము

మన వీధులలో మగ్గాలు ఆడిన రోజులు చూసిన పెద్దలకు గంజి సంగతి చెప్పనక్కరలేదు. పడుగుకు గంజి సరిగా పట్టకపోతే నూగు లేచి, పోగు పోగుకు చిక్కుపడి తెగుతుంది. ఈ నెల మేము చెప్పబోయేది వైద్యానికి సంబంధించిన విషయమే అయినా, దాని కిటుకంతా ఆ గంజిలోనే వున్నది.

ఇనుము మన ప్రాంతానికి కొత్త కాదు. కోయంబత్తూరు మీదుగా పారే నొయ్యలు నది ఒడ్డున, కొడుమణల్‌లో, ప్రాచీన కాలపు ఇనుప కొలుములు తవ్వకాలలో బయటపడినవి. సేలం దగ్గరి కంజమలై కొండలోని నల్లని ఖనిజం అయస్కాంతానికి అంటుకుంటుంది. దాని పేరు మాగ్నటైట్. దీనినే నేడు శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో సుమారు 10 నానోమీటర్ల రేణువులుగా తయారుచేస్తున్నారు. ఒక మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు.

తయారీ వినడానికి వంటింటి పనిలాగే వుంటుంది. ఇనుప లవణాలు రెండు రకాలు. ఒకటి మన అద్దకపువారు ఎరిగిన అన్నభేది జాతిది. రెండవది ఫెర్రిక్ క్లోరైడు వంటిది. మొదటి దాని ఇనుము ఒక పాలు, రెండవ దాని ఇనుము రెండు పాళ్లు వుండేటట్లు నీళ్లలో కరిగించి, అమ్మోనియా వంటి క్షారం పోస్తే చూస్తుండగానే నల్లని మడ్డి దిగుతుంది. గాలి తగిలితే అది క్రమంగా గోధుమరంగుకు తిరుగుతుంది గనుక నత్రజని వాయువు పంపుతూ చేస్తారు. తరువాత పాత్ర అడుగున అయస్కాంతం పెట్టి, మడ్డిని నిలిపి, నీళ్లు వంపి, మళ్లీ మళ్లీ కడుగుతారు. ఫ్రాన్సు దేశపు రెనే మస్సార్ 1981లో ప్రకటించిన పద్ధతి దీనికి దారి చూపింది.

ఇంత చిన్న రేణువుకు ఒక మంచి గుణం వున్నది. అయస్కాంతం దగ్గర వున్నంతసేపు లొంగివుంటుంది. తీసివేయగానే ఆ శక్తిని మరచిపోతుంది. అయినా వూరకే వదిలితే రేణువులు ఒకదానికొకటి అంటుకొని ముద్ద కడతాయి. సన్నని రక్తనాళంలో ముద్ద అడ్డుపడితే ప్రమాదం. నిమ్మ ఉప్పు పట్టిస్తే రేణువులన్నింటికీ ఒకే జాతి విద్యుత్తు వచ్చి, ఒకదానినొకటి తోసుకుంటాయి. కాని రక్తంలోని ఉప్పు ఆ తోపును బలహీనపరుస్తుంది. అందుచేత డెక్స్‌ట్రాన్ అనే పూత పూస్తారు. పంచదార నుంచి కొన్ని సూక్ష్మజీవులు తయారుచేసే జిగురు అది. పడుగుకు గంజి ఎటువంటిదో, ఈ రేణువుకు డెక్స్‌ట్రాన్ అటువంటిది.

ఇట్టి మందును అమెరికాలో 1996లో కాలేయపు ఎం.ఆర్.ఐ. చిత్రాల కోసం అనుమతించినారు. కాలేయంలోని ఆరోగ్యమైన భాగం రేణువులను మింగి చిత్రంలో నల్లబడుతుంది. మింగలేని గడ్డ తెల్లగా తేలుతుంది. ఆ మందు తరువాత అంగడి నుంచి తప్పుకున్నది. 2010లో యూరప్‌లో మెదడు గడ్డలలోకి రేణువులెక్కించి, మారే అయస్కాంత క్షేత్రంతో వేడిచేసే చికిత్సకు అనుమతి వచ్చింది. మూత్రపిండాల జబ్బువారి రక్తహీనతకు ఫెరుమాక్సిటాల్ అనే మందును అమెరికాలో 2009లో అనుమతించినారు. తీవ్రమైన ఎలర్జీ రావచ్చునని 2015లో దానిపై గట్టి హెచ్చరిక చేర్చినారు.

ఇదంతా పరదేశపు కథ అనుకోవద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15-49 ఏండ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత వున్నది. మన ఆసుపత్రులలో గర్భిణులకు నరం గుండా ఎక్కించే ఐరన్ సుక్రోజు కూడా ఈ వంశానిదే. చక్కెర తొడుగులోని ఇనుప రేణువులే. అయస్కాంత గుణం మాత్రం మాగ్నటైట్‌కున్నంత లేదు.

కనుక సోదరీమణులకు మా మనవి ఒక్కటే. వెనుక ఏ మందుకైనా దద్దుర్లు వచ్చినా, ఆయాసం వచ్చినా, సూది వేయకముందే డాక్టరుకు చెప్పండి. ఇంట్లో అత్తగారితో తెలుగులో చెప్పుకున్న బాధ, ఆసుపత్రిలో తమిళంలో చెప్పేసరికి సగం జారిపోతుంది. చీటీ రాసి పట్టుకువెళ్లండి. ఫెరుమాక్సిటాల్ ఎక్కించుకున్నవారి ఎం.ఆర్.ఐ. చిత్రాలు మూడు నెలల వరకు తారుమారు కావచ్చును గనుక, ఇనుము మందు పేరు, ఎక్కించిన తేదీ ఆ చీటీలో వుండవలెను. బంగారం రసీదు బీరువాలో దాస్తాము. ఈ చీటీని కూడా అక్కడే దాచుకుందాము.